931 దగ్గర ఆగిన లెక్క

కొత్త హార్డ్ డిస్క్ పెట్టె మీద 1 టీబీ అని ఉంటుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే విండోస్ 931 జీబీ చూపిస్తుంది. ఇంకా ఒక్క ఫైల్ కూడా ఎక్కించలేదు, అప్పుడే 69 జీబీ ఏమైనట్టు? షాపులో అడిగితే “ఫార్మాట్‌లో పోతుందండీ, అన్నిటికీ అంతే” అంటారు. అన్నిటికీ అంతే అన్నది నిజమే. ఫార్మాట్‌లో పోతుందన్నది మాత్రం కాదు. ఫార్మాట్ చేయకముందు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూసినా, ఏ గీతా పడని ఆ ఖాళీ డిస్కు పక్కన 931.51 జీబీ అనే ఉంటుంది.

కొత్త డిస్కులో చోటు లెక్క తేడా పడటానికి కారణాలు చాలా ఉన్నాయి. కొన్నిట్లో పోయిందేమీ ఉండదు. కొన్నిట్లో చోటు ఉంటుంది గానీ మన చేతికి అందదు. ఒకదాంట్లో మాత్రం పచ్చి మోసం ఉంటుంది. వీటిని విడదీయడానికి మొదట చేయాల్సింది, ఎంత కనిపిస్తోందో ఆ అంకెను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోవడం. “సగం పోయింది”, “చాలా తగ్గింది” అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. 931, 870, 2048, 746, 465 అని రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఈ అంకెలు ఒక్కొక్కటీ ఒక్కో కారణాన్ని పట్టిస్తాయి.

ముందు 931 సంగతి. డిస్కును చేతిలోకి తీసుకుని లేబుల్ చూడండి. చాలా డిస్కుల మీద సీరియల్ నంబర్‌కి దగ్గర్లో ఎల్‌బీఏ అని చిన్న అక్షరాలు, వాటి పక్కన 1953525168 అనే అంకె ఉంటాయి. డిస్కులో ఉన్న సెక్టార్ల సంఖ్య అది. ఒక్కో సెక్టారుకు 512 బైట్లు. గుణించి చూస్తే 1,00,020 కోట్ల 48 లక్షల 86 వేల 16 బైట్లు వస్తాయి. టెరా అంటే మన లెక్కలో లక్ష కోట్లు. అంటే కంపెనీ లక్ష కోట్ల బైట్లు ఇస్తానని చెప్పి, పైన ఇంకో ఇరవై కోట్లు కలిపి ఇచ్చింది. ఆ సెక్టార్ల సంఖ్య కూడా ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టుకున్నది కాదు. డిస్కు పరిశ్రమ సంఘం ఐడీఈఎంఏ ఒక సూత్రం ఖరారు చేసింది. ఒక కంపెనీ డిస్కు చెడిపోతే మరో కంపెనీ డిస్కు దాని స్థానంలో సెక్టారు తేడా లేకుండా కూర్చోవాలని ఆ ఏర్పాటు.

మరి విండోస్‌లో ఏమవుతోంది? ఇవే బైట్లను అది 1024 ఇంటూ 1024 ఇంటూ 1024తో, అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824తో భాగిస్తుంది. వచ్చేది 931.51. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే కెపాసిటీ అన్న వరసలో రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎడమవైపు లక్ష కోట్లు దాటిన బైట్లు, కుడివైపు 931 జీబీ. రెండూ ఒకే డిస్కు కొలతలు. అదే డిస్కును ఇప్పటి మ్యాక్‌కి తగిలిస్తే 1 టీబీ అనే చూపిస్తుంది. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ నుంచి ఆపిల్ పదుల లెక్కకు మారిపోయింది.

ఈ 1024 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే రెండు పక్షాల వాళ్లనూ అర్థం చేసుకోగలం. కంప్యూటర్ మెమరీలో ఒక గదిని వెతకాలంటే దాని చిరునామా తీగల మీదుగా వెళ్తుంది. ఒక్కో తీగ మీద సున్నా గానీ ఒకటి గానీ ఉంటుంది. ఒక తీగ ఉంటే రెండు గదులు, రెండుంటే నాలుగు, పది ఉంటే 1024. తీగ పెరిగినప్పుడల్లా గదులు రెట్టింపవుతాయి. అందువల్ల మెమరీ పరిమాణం 1024, 2048, 4096 అంటూ సాగడం సహజం. 1024 వెయ్యికి దగ్గరగానే ఉంది కదా అని ఇంజినీర్లు దాన్నీ కిలో అనేశారు. డిస్కుకు ఆ నిర్బంధం లేదు. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి డిస్కు యంత్రం రామాక్‌లో 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేలు ఒకదానిమీద ఒకటి తిరిగేవి. వాటిలో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఎన్ని పళ్లేలు, ఒక్కో పళ్లెం మీద ఎన్ని వలయాలు, వలయంలో ఎన్ని సెక్టార్లు అనేదాన్ని బట్టి డిస్కు పరిమాణం ఎంతైనా కావచ్చు. రెట్టింపులతో పని లేదు కనుక డిస్కుల వాళ్లు మొదటి నుంచీ పదుల్లోనే లెక్కపెట్టారు.

రెండు లెక్కలనూ కలిపి పాడుచేసిన సందర్భం కూడా ఒకటుంది. ఒకప్పుడు అందరి జేబుల్లో ఉన్న మూడున్నర అంగుళాల ఫ్లాపీ. రెండు పక్కలు, పక్కకు 80 వలయాలు, వలయానికి 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు: మొత్తం 14,74,560 బైట్లు. పదుల లెక్కలో 1.47 ఎంబీ, రెట్టింపుల లెక్కలో 1.41 ఎంబీ. దాని మీద రాసిన 1.44 ఈ రెండూ కాదు. ఒకసారి 1024తో, ఒకసారి వెయ్యితో భాగిస్తే వచ్చిన అంకె అది.

ఆ రోజుల్లో ఎవరికీ ఇది పట్టలేదు, ఎందుకంటే తేడా చిన్నది. కిలో దగ్గర రెండు లెక్కలకూ తేడా 2.4 శాతం. మెగా దగ్గర దాదాపు 5, గిగా దగ్గర 7కి పైన, టెరా దగ్గర దాదాపు 10 శాతం. మెట్టు ఎక్కినకొద్దీ తేడా తన మీద తనే పెరుగుతుంది. 20 ఎంబీ డిస్కులో ఒక ఎంబీ కూడా లేని తేడా, ఇవాళ 4 టీబీ డిస్కు కొన్నవాడికి 3.63 అని కనిపిస్తోంది. ఆ తేడాలో పాతకాలపు డిస్కులు వేలకొద్దీ పడతాయి.

అమెరికాలో దీని మీద కోర్టుల దాకా వెళ్లారు. వెస్టర్న్ డిజిటల్ 2006లో రాజీ చేసుకుని కొన్నవాళ్లకు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చింది. సీగేట్ 2007లో ధరలో 5 శాతం తిరిగివ్వడానికి ఒప్పుకుంది. పెట్టెల మీద “1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు” అన్న చిన్న వాక్యం ఇప్పుడు మామూలైంది. శాన్‌డిస్క్ మీద వేసిన దావాను, ఆ వాక్యం పెట్టె మీద ఉంది కదా అని 2020లో కోర్టు కొట్టేసింది. నా మట్టుకు ఈ విషయంలో డిస్కుల కంపెనీల లెక్కే సరైనది. రెట్టింపుల కొలతకు వేరే పేరు ఉండాలని అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ఐఈసీ 1998లోనే గిబిబైట్, టెబిబైట్ అన్న పేర్లు పెట్టింది. లినక్స్ పరికరాలు చాలావరకు వాటిని వాడుతున్నాయి. విండోస్ మాత్రం గిబిబైట్లలో కొలిచి పక్కన జీబీ అని రాస్తోంది. పాతికేళ్లు దాటినా దిద్దని ఆ ఒక్క అక్షరం వల్ల కొత్తగా కొన్న ప్రతివాళ్లకూ ఏదో పోగొట్టుకున్న అనుమానం మిగులుతోంది. దిద్దడానికి ఖర్చేమీ లేదు కూడా.

అందుకని 500 జీబీకి 465, 1 టీబీకి 931, 2 టీబీకి 1863 చూపిస్తే కంగారు పడక్కర్లేదు. అంతకంటే తక్కువ కనిపించినప్పుడే వెతకడం మొదలుపెట్టాలి.

లినక్స్ వాడేవాళ్లకు తరచూ ఎదురయ్యేది 870. 1 టీబీ డిస్కును ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేసి డీఎఫ్ ఆదేశమిస్తే మొత్తం 916, వాడుకోడానికి 870 అని చూపిస్తుంది. ఇక్కడ నిజంగానే ఫార్మాట్ కొంత తీసుకుంది. రాబోయే ప్రతి ఫైలుకూ యజమాని ఎవరు, తేదీ ఏది, డిస్కులో ఎక్కడ ఉంది అన్న వివరాలు రాసుకోడానికి ఎక్స్‌ట్4 ముందుగానే ఐనోడ్లు అనే గడులు గీసి పెట్టుకుంటుంది. ప్రతి 16 కేబీ చోటుకు 256 బైట్ల గడి ఒకటి. అంటే 64లో ఒక వంతు. 931లో అది పద్నాలుగున్నర జీబీ దాకా అవుతుంది. అక్కడికి 916 అయింది. మిగిలిన 46 జీబీ ఎవరూ వాడలేదు, పక్కన పెట్టి ఉంచారు. మొత్తం చోటులో 5 శాతం రూట్ యూజర్ కోసం అట్టిపెట్టడం ఎక్స్‌ట్4 అలవాటు. మామూలు ప్రోగ్రామ్ ఏదో అదుపు తప్పి డిస్కంతా నింపేసినా, అడ్మినిస్ట్రేటర్ లోపలికి వచ్చి శుభ్రం చేసుకోడానికి ఆ మాత్రం చోటు మిగలాలి. డిస్కు పూర్తిగా నిండితే ఫైళ్లు ముక్కలుముక్కలుగా చెల్లాచెదురవుతాయి, దాన్ని కొంత ఆపడం రెండో ఉద్దేశం. ఈ ఆలోచన ఎక్స్‌ట్4 కంటే పాతది. 1984లో వెలువడిన బర్కిలీ ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ పత్రంలోనే 10 శాతం ఖాళీగా ఉంచాలని ఉంది.

ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లో ఈ 5 శాతాన్ని ముట్టుకోకపోవడం మంచిది. సినిమాలు, ఫొటోలు దాచుకునే డిస్కుకు అంత అక్కర్లేదు. టూన్2ఎఫ్‌ఎస్ ఆదేశంతో 1 శాతానికి దించితే 37 జీబీ వెనక్కి వస్తుంది, ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇలా ముందుగా గీసిపెట్టదు, ఫైళ్లు పెరిగినకొద్దీ ఒక్కోదానికి 1 కేబీ చొప్పున రాసుకుంటూ పోతుంది. అందుకే కొత్త ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో ఫార్మాట్‌కు పోయేది లెక్కలోకి రానంత తక్కువ.

చోటు అంతా బాగానే కనిపించి, ఫైళ్లు ఎక్కించాక మాత్రం అనుకున్నదానికంటే త్వరగా నిండిపోతే క్లస్టర్ సంగతి చూడాలి. ఫైల్ ఎంత చిన్నదైనా డిస్కు మీద సాధారణంగా కనీసం ఒక క్లస్టర్‌ను ఆక్రమిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అది మామూలుగా 4 కేబీ. ఫోన్‌కీ టీవీకీ కంప్యూటర్‌కీ పనికొస్తుందని ఎక్స్‌టర్నల్ డిస్కులను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తారు కదా, 32 జీబీ దాటిన డిస్కుకు విండోస్ అందులో 128 కేబీ క్లస్టర్లు పెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కో వర్ణసంకేతానికి 3 బైట్లు పడతాయి. ఒక పేజీ తెలుగు ఉత్తరం సుమారు 3 కేబీ అనుకుందాం. అలాంటివి 50 వేలు ఉంటే అసలు బరువు 150 ఎంబీ. ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మీద అవి 6 జీబీ దాకా మింగేస్తాయి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సైజ్ అని ఒకటి, సైజ్ ఆన్ డిస్క్ అని ఒకటి విడివిడిగా చూపించేది ఇందుకే. పెద్ద వీడియోలున్న డిస్కులో ఈ బాధే ఉండదు. వేల చిన్న ఫైళ్లు ఉన్నవాళ్లు జిప్ చేసి పెట్టుకోవడమో, ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడటమో చేయాలి.

ఇక గోడల కథ. కొత్తగా కొన్న 3 టీబీ డిస్కులో 2048 జీబీ ఒక ముక్కగా, 746.52 జీబీ అన్‌అలొకేటెడ్ అని మరో ముక్కగా కనిపిస్తుంది. ఆ రెండో ముక్క మీద రైట్ క్లిక్ చేస్తే ఏ పనీ చేయనివ్వదు. డిస్కు పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్లున్నారు. అది ఏమీ పాడవలేదు. డిస్కు మొదట్లో పార్టిషన్ల పట్టిక ఒకటి ఉంటుంది. ఎంబీఆర్ అనే ఆ పట్టిక 1983 నాటిది, ఐబీఎం పీసీల్లో హార్డ్ డిస్కులు 10 ఎంబీ ఉన్న కాలం. పార్టిషన్ ఎన్నో సెక్టారు దగ్గర మొదలవుతుంది, ఎన్ని సెక్టార్లుంటుంది అని రాయడానికి అందులో ఒక్కోదానికి 32 బిట్లే కేటాయించారు. 32 బిట్లలో రాయగల సంఖ్య దాదాపు 429 కోట్లు. దాన్ని సెక్టారుకు 512తో గుణిస్తే విండోస్ లెక్కలో సరిగ్గా 2048 జీబీ. గోడ అక్కడ ఉంది. 2010లో 3 టీబీ డిస్కులు వచ్చేదాకా అది మామూలు వాడుకదారులకు తగల్లేదు. ఎంబీఆర్ స్థానంలో జీపీటీ అనే పట్టిక పెడితే 64 బిట్ల సంఖ్యలు వస్తాయి, గోడ మన కాలానికి అందనంత దూరం జరిగిపోతుంది. కొత్త డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే ఈ మార్పు చేసుకోవాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్లన్నీ తీసేశాకే జీపీటీకి మార్చే వీలు కనిపిస్తుంది.

ఇదే గోడకు ఇంకో రూపం ఉంది. 3 టీబీ డిస్కు మొత్తమ్మీద 746 జీబీగానే కనిపిస్తుంది, మిగతా 2048 అసలు ఊసే ఉండదు. పాత యూఎస్‌బీ డబ్బాల్లోనూ, పాత కంట్రోలర్ డ్రైవర్లలోనూ ఇలా జరుగుతుంది. పాత స్కూటర్ మీటరు 99,999 దాటగానే సున్నా నుంచి తిరిగినట్టే, 32 బిట్ల లెక్క నిండగానే మళ్లీ మొదటికి వస్తుంది. గోడ దాటిన మిగులే డిస్కు మొత్తం అనుకుంటుంది. 3 టీబీలోంచి గోడ దాకా ఉన్న 2048ని తీసేస్తే 746 మిగలడం, మొదటి సందర్భంలో అన్‌అలొకేటెడ్ ముక్క కూడా అదే 746 కావడం యాదృచ్ఛికం కాదు. ఇక్కడ జీపీటీకి మార్చినా ప్రయోజనం లేదు. యూఎస్‌బీ డబ్బా మార్చాలి, లేదా డ్రైవర్ కొత్తది వేయాలి. ఇలా కనిపిస్తున్న డిస్కు మీద ఆ పని అయ్యేదాకా ఏమీ రాయకండి.

ఇలాంటి గోడలు అంతకుముందూ ఉన్నాయి. 528 ఎంబీ దగ్గర ఒకటి, 8.4 జీబీ దగ్గర ఒకటి. 137 జీబీ దగ్గర ఉన్నది 28 బిట్ల చిరునామా వల్ల వచ్చింది. 2002లో మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చేదాకా విండోస్ ఎక్స్‌పీ దాన్ని దాటలేకపోయింది.

465 కనిపించిందంటే, అదీ 1 టీబీ డిస్కులో, పాత 500 జీబీ డిస్కును కొత్తదానిలోకి క్లోన్ చేసి ఉంటారు. క్లోన్ అంటే పార్టిషన్ల హద్దులతో సహా నకలు. కాబట్టి కొత్త డిస్కులో రెండో సగం ఎవరికీ చెందకుండా మిగిలిపోతుంది. సీ డ్రైవ్ మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కితే కలిసిపోవాలి. ఆ మీట బూడిదరంగులో ఉండి పనిచేయకపోతే మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుగా కూర్చుని ఉంటుంది. విండోస్ పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుకోగలదు. ఆ రికవరీ ముక్కను పార్టిషన్ సాఫ్ట్‌వేర్‌తో చివరికి జరిపితే దారి తెరుచుకుంటుంది.

సీ డ్రైవ్‌లో మరికొన్ని జీబీలు కనబడకపోతే హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు, అప్‌డేట్ల కోసం విండోస్ దాచుకునే సుమారు 7 జీబీ లెక్కలోకి తీసుకోవాలి. దాచి ఉంచిన సిస్టమ్ ఫైళ్లను చూపించమంటే వాటిలో చాలావరకు బయటపడతాయి.

ఎస్‌ఎస్‌డీల్లో ఈ లెక్కల తేడాకే ఒక ఉపయోగం దొరికింది. వాటిలోని ఫ్లాష్ చిప్పులు మెమరీలాగే రెట్టింపుల్లో తయారవుతాయి. 1 టీబీ అని అమ్మే ఎస్‌ఎస్‌డీలో సాధారణంగా 1024 గిబిబైట్ల ఫ్లాష్ ఉంటుంది. మనకిచ్చేది 931. ఆ మిగిలినది లోపలి కంట్రోలర్ తనకోసం ఉంచుకుంటుంది. ఫ్లాష్‌లో రాసినదాని మీదే మళ్లీ రాయలేం, పెద్ద బ్లాకును మొత్తంగా చెరిపి రాయాలి. చెరపబోయే ముందు అందులో పనికొచ్చే డేటాను తాత్కాలికంగా ఎక్కడికో మార్చాలి. అరిగిపోయిన బ్లాకుల బదులు కొత్తవి అందించాలి. ఈ పనులన్నీ ఆ తొమ్మిది శాతం చుట్టూ జరుగుతాయి. 240, 480 జీబీ అని అమ్మే ఎస్‌ఎస్‌డీల్లో ఇంకాస్త ఎక్కువే అట్టిపెడతారు. ఈ చోటును తెరిచి ఇచ్చే కిటుకులంటూ ఎవరైనా చెబితే వినకండి.

ఇంతవరకూ చెప్పినవాటిలో చాలావరకు అంకె తక్కువ కనిపించింది, చోటు ఎక్కడికీ పోలేదు. నిజమైన నష్టం ఉన్నచోట అంకె నిండుగా కనిపిస్తుంది. నాలుగైదు వందల రూపాయలకు 2 టీబీ పెన్ డ్రైవ్, రెండు మూడు వేలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అని ఆన్‌లైన్‌లో కనబడతాయి చూడండి, వాటి సంగతి ఇది. డబ్బా విప్పితే లోపల చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద జిగురుతో అంటించిన ఒక మైక్రోఎస్‌డీ కార్డు దొరుకుతాయి. ఆ కార్డు అసలు సామర్థ్యం 64 జీబీయో 128 జీబీయో. “నీలో ఎంత చోటుంది” అని కంప్యూటర్ అడిగితే కంట్రోలర్ తనలో రాసిపెట్టిన అంకె చెప్పేస్తుంది, 16 టీబీ అని. కంప్యూటర్‌కి నమ్మడం తప్ప వేరే దారి లేదు. ఫైళ్లు ఎక్కిస్తే ఎక్కినట్టే ఉంటుంది. అసలు చోటు అయిపోయాక వచ్చినదాన్ని అది గాలికి వదిలేస్తుంది, లేదా వెనక్కి తిరిగి మొదటి ఫైళ్ల మీదే రాస్తుంది. ఫైళ్ల పేర్ల జాబితా డిస్కు మొదట్లో, నిజంగా ఉన్న చోటులో ఉంటుంది. అందుకే పేర్లు, సైజులు, తేదీలు అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. పెళ్లి వీడియో తెరవబోయిన రోజే లోపల ఏమీ లేదని తెలుస్తుంది.

దీన్ని ముందే పట్టుకోడానికి విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత పరికరాలున్నాయి. డిస్కులో ఒక్కో చోట ఒక్కో రకం అంకెల వరసను రాస్తూ మొత్తం నింపి, తర్వాత మొదటి నుంచి చదివి సరిపోల్చుతాయి. లేని చోటులో రాసింది తిరిగి రాదు, దొరికిపోతుంది. సెకనుకు 100 ఎంబీ వేగంతో 1 టీబీ రాయడానికి రెండు గంటల 47 నిమిషాలు, చదవడానికి మళ్లీ అంత పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి తేలిపోతుంది. వాపసు గడువు ముగియకముందు, సొంత ఫైలు ఒక్కటీ ఎక్కించకముందు చేయాల్సిన పని ఇది. ఎక్కించేసి ఉంటే, ఇంకేమీ రాయకుండా మొదట పెట్టిన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసి, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. తెరుచుకోని వాటిని ఏ రికవరీ సెంటరూ తీసివ్వలేదు, అవి ఆ కార్డులో పడనే లేదు, లేదా వాటి మీద వేరేవి పడ్డాయి. అసలు ఫొటోలు ఫోన్‌లోనో కెమెరా కార్డులోనో ఇంకా చెరపకుండా ఉన్నాయేమో ఆ రోజే వెతకండి.